తిరగేసే తోడల్లుడు

పెద్దల్లుడికి ఉన్న జబ్బు ఒక్కటే. చేతికందిన వస్తువునల్లా తిరగేసి, అడుగున కళ్ళు చికిలించి చూసి, "ఇది పుట్టిందెక్కడ?" అని అడుగుతాడు. లోకంలో మనుషులు ఎదుటి మనిషిని మీదే ఊరని అడుగుతారు. ఆయన కుర్చీలను అడుగుతాడు, చెప్పులను అడుగుతాడు, గోడగడియారాన్ని కిందికి దింపి మరీ అడుగుతాడు. వస్తువు గలవాళ్ళు తెలియదంటే వాళ్ళవంక జాలిగా చూస్తాడు, పెంచుకుంటున్న బిడ్డను కన్నవాళ్ళెవరో ఇంతవరకు కనుక్కోనివాళ్ళను చూసినట్టు.

ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు నోట్లో పెట్టిన చిన్న అద్దాన్ని తనే బయటికి లాగి, తిరగేసి, కాడ మీది అక్షరాలు చదివి, "డాక్టరుగారూ, ఇది మన ఐదు దేశాల్లో పుట్టింది కాదండీ, సుంకం కట్టే తెప్పించి ఉంటారు" అని చెప్పి, మళ్ళీ జాగ్రత్తగా తన నోట్లో తనే పెట్టుకున్నాడు. ఆ తరువాత కాసేపు నోరు తెరుచుకుని ఉన్నది డాక్టరే.

ఇంకోసారి పక్కింటివాళ్ళు తమ పసివాణ్ణి తెచ్చి మురిపెంగా ఆయన చేతుల్లో పెట్టారు. అలవాటు పడిన చేతులు కదా, తిరగేశాయి. గదిలో ఆడవాళ్ళంతా కెవ్వుమన్నారు. అడుగున ఏమీ రాసి లేదు గానీ తడి మాత్రం తగిలింది. "పెద్దాసుపత్రిలో పుట్టాడు, ఇలా ఇవ్వండి" అని ఆయన భార్యే పిల్లాణ్ణి లాక్కుంది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. పెద్దల్లుడిది పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది. ఆయన సరిహద్దు వంతెన దగ్గర క్లియరింగ్ ఏజెంటు. సరుకుల లారీ వంతెన దాటాలంటే కావలసిన కాగితాలన్నీ ఆయన రాసిపెడితే సర్కారు ఆఫీసువాళ్ళు ముద్ర వేస్తారు. వంతెనకు ఇవతల ఒక దేశం, అవతల ఒక దేశం. ఆ రెండూ, చుట్టుపక్కలవి మరో మూడూ కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఈ ఐదింటిలో పుట్టిన సరుకుకు ఈ ఐదింటిలో ఎక్కడా సుంకం లేదు, అన్నదమ్ముల ఇళ్ళ మధ్య కూరగిన్నె తిరిగినట్టు తిరగవచ్చు. బయట పుట్టిన సరుకైతే గుమ్మం దగ్గర ఆగి, సుంకం కట్టుకుని లోపలికి రావాలి.

ఒప్పందం రాకముందు వంతెన మీద లారీని ఆపి "లోపల ఏముంది?" అని అడిగేవాళ్ళు. వచ్చాక "లోపలున్నది ఎక్కడ పుట్టింది?" అని అడగడం మొదలుపెట్టారు. దూరదేశపు సరుక్కి సిగ్గులేదు. ఇక్కడి సంచిలో దూరి, ఇక్కడి పేరు మొహానికి పులుముకుని, నేనూ మీ చుట్టాన్నే అంటూ దాటిపోవాలని చూస్తుంది. చుట్టమేదో, చుట్టంలా నటిస్తున్నదేదో తేల్చడమే పెద్దల్లుడి పని. పొద్దస్తమానం ఆ పని చేసిన మనిషి సాయంత్రం ఇంటికొచ్చి చేతులు ముడుచుకుని కూర్చోలేడు.

ఊరంతా ఆయన్ని చూసి నవ్వుకుంటుంది, ఆయన కనిపించకపోతే ఏమైందని అడుగుతుంది. ఒక్క మనిషికి మాత్రం ఆయన మాట చెవిన పడితే చాలు, కడుపులో పొయ్యి రాజుకుంటుంది. ఆ మనిషి చిన్నల్లుడు.

చిన్నల్లుడికి గొడుగుల కార్ఖానా ఉంది. కార్ఖానా అనేది అతని మాట, చూసినవాళ్ళు షెడ్డంటారు. కుట్టుమిషన్ల దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్ళు, ఊచలు బిగించడానికి ఒక ముసలాయన, మూలన గుడ్డ తానులు, చెక్కపిడులు నింపిన గంపలు. గుడ్డా పిడులూ ఊళ్ళోవే. ఇనుప ఊచలు మాత్రం దూరదేశం నుంచి పెట్టెల్లో వస్తాయి. ఊచకూ గుడ్డకూ కలిపే కుట్టు చిన్నల్లుడు ఎవరికీ వదలడు, తనే వేస్తాడు. గుడ్డ చిరుగుతుందేమో గానీ ఆ కుట్టు ఊడదు. అంత పనితనం ఉండి ఏం లాభం, మామగారింట్లో దానికి చిల్లిగవ్వ విలువ లేదని అతని బాధ.

మామగారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆదివారం మధ్యాహ్నం కూతుళ్ళూ అల్లుళ్ళూ ఆయనింట్లో చేరాలి, ఆలస్యమైతే ఆయన మాట్లాడడు, గడియారం వంక చూస్తాడు. ఆ హాల్లో ఫ్యాను గాలి తగిలే కుర్చీ ఒక్కటే ఉంది. అది పెద్దల్లుడిది. పైగా కూర్చునే ముందు ఆయన దాన్ని కూడా తిరగేసి చూసుకుంటాడు. చిన్నల్లుడికి కిటికీ పక్కన ముక్కాలిపీట. మామగారు ఆయన్ని "అల్లుడుగారూ" అంటారు, ఇతన్ని "అబ్బాయ్" అంటారు. అత్తగారు ఆయనకు వడ్డించేటప్పుడు గరిటె గిన్నె అడుగుదాకా వెళ్ళి వస్తుందనీ, తనకు మాత్రం పైపైనే తిరుగుతుందనీ చిన్నల్లుడు చాలా ఆదివారాలు గమనించి నిర్ధారించుకున్నాడు.

"ఈ ఇంట్లోనూ ఒక ఒప్పందముంది. ఆయన మాటకు సుంకం లేదు. నా మాట గుమ్మం దగ్గర ఆగి సుంకం కట్టాలి" అనేవాడు ఇంటికి వచ్చేటప్పుడు భార్యతో.

"బావగారు మిమ్మల్ని ఏమన్నారని?" అనేది ఆవిడ.

"ఏమీ అనరు. అదే నా ఏడుపు. ఏదన్నా అంటే తిట్టుకోవడానికైనా ఉంటుంది."

అన్నింటికంటే అతనికి మండేది కప్పుల వ్యవహారం. ప్రతి ఆదివారం టీ రాగానే మామగారు మీసం తుడుచుకుని ఇటు తిరిగేవారు. "అబ్బాయ్, గొడుగుల వ్యాపారమంటే ఏడాదిలో సగం రోజులు ఆకాశం వంక చూడ్డమేగా. అదే మా పెద్దల్లుడుగారి పనిలో అయితే..." ఆ మాట పూర్తయ్యేలోపు పెద్దల్లుడు నిండు కప్పును తిరగేసి, "మావయ్యగారూ, ఈ కప్పు పుట్టిందెక్కడండీ?" అనేవాడు. టీ అంతా ఆయన చొక్కా మీద. అత్తగారు తువ్వాలుతో పరుగు, కూతుళ్ళు నవ్వు, మామగారు "ఏం మనిషండీ మీరు" అంటూ తల పట్టుకోవడం. గొడుగుల మాట అక్కడితో గాలికి పోయేది.

ఇంకో ఆదివారం మామగారు "నేనైతే ఆ షెడ్డును ఎప్పుడో..." అని మొదలుపెట్టారో లేదో, పెద్దల్లుడు బల్ల మీది పూలకూజాను నీళ్ళతో సహా బోర్లించాడు.

చిన్నల్లుడికి ఒళ్ళు మండిపోయింది. "చూశావా, తన మీంచి ఒక్క క్షణం చూపు పక్కకు పోతే ఓర్చుకోలేడు. మీ నాన్న నన్ను తిట్టేటప్పుడు కూడా అందరూ తననే చూడాలి" అన్నాడు భార్యతో. ఆవిడ ఏదో చెప్పబోయి, అతని మొహం చూసి ఊరుకుంది.

పగ ముదిరింది మాత్రం అత్తగారి గొడుగు దగ్గర. చిన్నల్లుడు మంచి నీలంగుడ్డ ఏరి, ఎన్నడూ వేయనంత సన్నకుట్టు వేసి, ఆవిడకు ఒక గొడుగు బహుమతిగా తెచ్చాడు. ఆవిడ విప్పి చూసి మురిసిపోయింది. మామగారు కూడా "పరవాలేదే" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం సెలవు మంజూరైనంత గొప్ప. అంతలో పెద్దల్లుడు గొడుగు అందుకుని తలకిందులు చేసి, ఊచలు ఒక్కొక్కటీ వేలితో తడిమి, "తమ్ముడూ, గొడుగు చక్కగా ఉంది. కానీ ఇది ఇక్కడ పుట్టలేదు" అన్నాడు. అందరూ నవ్వారు. చిన్నల్లుడూ నవ్వాడు, ఆ నవ్వును అరిగించుకోవడానికి మాత్రం అతనికి వారం పట్టింది.

ఇలా ఉండగా వానలకు ముందు షెడ్డుకు ఒకావిడ వచ్చింది. వంతెన అవతల చాలా ఊళ్ళలో దుకాణాలున్న మనిషి. గొడుగు చేతిలోకి తీసుకుని కుట్టును రెండు చేతులా పట్టి లాగింది. మళ్ళీ లాగింది. అది కదల్లేదు.

"ఈ కుట్టు నాకు నచ్చింది. మా దుకాణాలన్నింటికీ నువ్వే పంపించు. కానీ ఒక్క మాట. సుంకం లేకుండా రావాలి" అంది.

"సుంకం పడితే ఏమవుతుందండీ?"

"నీదీ దూరదేశపు గొడుగూ ఒకటే ధర అవుతాయి. అప్పుడు నేను దూరదేశానిదే కొంటాను. దానికి బొత్తాం నొక్కితే తెరుచుకునే సోకు కూడా ఉంది. మనకి ఒప్పందముందిగా, నీది ఇక్కడి సరుకేనని కాగితం తీసుకో. వానలు పడేలోపు సంగతి తేల్చు."

ఆవిడ వెళ్ళాక మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. కుట్టే ఆడవాళ్ళందరూ అతని వంకే చూస్తున్నారు. కిందటి వానలు మొహం చాటేయడంతో షెడ్డు ఎలా నడుస్తోందో వాళ్ళకూ తెలుసు. ఈ బేరం నిలబడితే వాళ్ళ మిషన్లు తిరుగుతాయి, పోతే షెడ్డుకు తాళం పడుతుంది, ఆ ఆదివారం మామగారి నోటికి తాళం ఉండదు. కాగితం కావాలంటే వెళ్ళవలసింది ఎవరి దగ్గరికో తలుచుకుంటే చిన్నల్లుడికి వెళ్ళబుద్ధి కాలేదు. అయినా తప్పదు కనుక వెళ్ళాడు.

వంతెన దగ్గర ఏజెంట్లందరివీ చెక్కగోడల గదులు. ఒక గదిలో దగ్గితే పక్కగదిలో మంచినీళ్ళు ఇస్తారు. పెద్దల్లుడి గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, కిటికీలోంచి లారీల వరస. ఆయన తోడల్లుణ్ణి చూసి సంబరపడి రెండు టీలు చెప్పాడు. గొడుగు అందుకుని, చిన్న పట్టకారుతో కుట్టు దాకా పోకుండా పిడి ఊడదీశాడు, కొనకున్న టోపీ ఊడదీశాడు, అన్నీ బల్ల మీద పరిచాడు. చిన్నల్లుడికి తన పేగులు పరిచినట్టనిపించింది.

"గుడ్డ ఇక్కడిది. పిడి ఇక్కడిది. కుట్టు నీది. ఊచలెక్కడివి తమ్ముడూ?"

"దూరదేశానివి. ఊళ్ళో అందరూ అవే వాడతారన్నయ్యగారూ."

"వస్తువు ఖరీదులో సగానికి పైన మన ఐదు దేశాల్లో పుట్టి ఉంటేనే ఒప్పందం దాన్ని మనదంటుంది. గొడుగులో ఖరీదంతా ఊచల్లోనే ఉంది. సగం దాటదు."

"నా కార్ఖానాలో తయారైంది కదండీ."

"తయారవడం వేరు, పుట్టడం వేరు."

"మీరు రాసేస్తే ఎవరు చూడొచ్చారు?"

"అవతల కూడా నాలాంటివాడొకడుంటాడు. తిరగేస్తాడు" అన్నాడు పెద్దల్లుడు. "అప్పుడు నీ లారీ ఒక్కటే కాదు, నీ పేరు కూడా వంతెన మీద ఆగిపోతుంది."

"నా గొడుగు దాటితే మీకేం పోతుందన్నయ్యగారూ?"

ఆయన టీ చివరిచుక్క దాకా తాగి, కప్పు తిరగేసి, అడుగున చూసి, "దీనికి ఏమీ రాయలేదు పాపం" అన్నాడు. ఆ తరువాత తమ్ముడు వెంట తెచ్చిన విడి ఊచ ఒకటి తీసి జేబులో పెట్టుకున్నాడు.

షెడ్డుకు తిరిగొచ్చి ఈ సంగతి చెబితే ఊచల ముసలాయన గొంతు తగ్గించాడు. "బాబూ, ఈ దూరదేశపు ఊచలు దిగుమతి చేసే షావుకారు లేడూ, ఆయన కాగితాలన్నీ రాసేది మీ అన్నగారే. ఆయనకు అంతకంటే పెద్ద ఖాతా లేదు."

చిన్నల్లుడికి అంతా అర్థమైపోయినట్టే అనిపించింది. దూరదేశపు ఊచలు దిగుతున్నంత కాలం పెద్దల్లుడి బల్ల మీద కాగితాలుంటాయి. తమ్ముడి గొడుగు మునిగితే మునగనీ, షావుకారి ఊచలు తేలితే చాలు. ఇంతకాలం ఊరికే అసూయపడుతున్నానేమోనని అప్పుడప్పుడు అతనికి కొంచెం సిగ్గుగా ఉండేది. ఇప్పుడు దానికి కారణం కూడా దొరికింది కనుక మనశ్శాంతిగా అసూయపడడం మొదలుపెట్టాడు.

ఆ మరుసటి రోజు నుంచి పెద్దల్లుడి జబ్బు గొడుగుల మీదికి తిరిగింది. బస్‌స్టాపులో నిలబడ్డవాళ్ళ చేతుల్లోంచి గొడుగులు తీసుకుని తలకిందులు చేస్తున్నాడని చిన్నల్లుడి భార్యే కబురు తెచ్చింది.

"పక్కవీధి టైలరు గొడుగు పట్టుకెళ్ళి ఊచలు ఊడదీశారట. బ్యాంకు గుమాస్తాది తిరిగే ఇవ్వలేదట."

"నా గొడుగు ఒక్కదానికే వంకపెడితే సరిపోలేదు కాబోలు. ఊరి గొడుగులన్నింటికీ పెడుతున్నాడు."

"ఒక ముసలావిడ గొడుగు తీసుకుని ఎగిరి గంతేశారట, తెలుసా? ఆవిడ భయపడి బస్సెక్కేసిందట, గొడుగు వదిలేసి."

"గంతులు కూడా వేస్తున్నాడా?" అన్నాడు చిన్నల్లుడు. తన బేరం పోతుంటే ఎదుటివాడు గంతులేయడమంటే ఎవరికి ఓర్పు ఉంటుంది.

పళ్ళనొప్పని గది మూసేసి పెద్దల్లుడు తరువాత కొన్నాళ్ళు ఎవరికీ కనబడలేదు. కనబడడం మాత్రం చాలా చెడ్డచోట కనబడ్డాడు. పైవీధిలో ఇంకో గొడుగుల షెడ్డుంది. దాని యజమానికీ చిన్నల్లుడికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. గుడ్డ కొనడానికి ఆ దారిన వెళుతున్న చిన్నల్లుడికి, ఆ షెడ్డు గుమ్మంలో పెద్దల్లుడు కుర్చీ వేయించుకుని కూర్చుని కనిపించాడు. నవ్వుతున్నాడు. ఆ షెడ్డు యజమాని భుజం మీద చెయ్యి వేసి మరీ నవ్వుతున్నాడు.

మామగారి ఇంట్లో ఫ్యాను గాలి పోతే పోయింది, గరిటె పైపైన తిరిగితే తిరిగింది. సొంత తోడల్లుడు వెళ్ళి శత్రువు గుమ్మంలో కూర్చోవడం చిన్నల్లుడు సహించలేకపోయాడు. అక్కడి నుంచి తిన్నగా వంతెన దగ్గరికి వెళ్ళి, పెద్దల్లుడి గది దాటి, ఆ పక్కగదిలో ఉన్న ఏజెంటును కలిశాడు.

"ఊచలు కూడా ఇక్కడివేనని రాసేద్దాం. ఎవడు చూస్తాడు" అన్నాడు ఆ ఏజెంటు తేలిగ్గా.

"అవతల తిరగేసి చూస్తారంటున్నారే?"

"ఎవరా అన్నది? మీ అన్నగారా? ఆయన తన నీడను కూడా తిరగేస్తాడు. కాగితాలు రేపు మధ్యాహ్నం సర్కారు ఆఫీసుకు పంపిస్తాను, సరుకు కట్టించండి."

చిన్నల్లుడు సరేనన్నాడు. ఆ సరే అతని నోటికి చేదుగానే తగిలింది. కానీ మొహం మీద దూరదేశం పేరున్న ఊచల కంటే, పైవీధి గుమ్మంలోని ఆ నవ్వే అతనికి ఎక్కువ గుచ్చుకుంటోంది.

మర్నాడు పొద్దున్నే వాన దంచేసింది. షెడ్డులో గొడుగుల మూటలు కడుతున్నారు. చూరుకింద నీళ్ళధారల్లోంచి ఒక మనిషి వచ్చాడు, భుజాన పెద్ద గోనెమూట, నెత్తి మీంచి కాళ్ళదాకా ముద్ద. పెద్దల్లుడు.

"ఇంత వానలో గొడుగు లేకుండానా?" అన్నాడు చిన్నల్లుడు, కోపంలో కూడా గొడుగులవాడి బుద్ధి పోనిచ్చుకోక.

"దొరికిన గొడుగులన్నీ విప్పేశాను తమ్ముడూ. మా ఇంట్లో ఇప్పుడు ఒక్కటీ లేదు" అంటూ ఆయన మూట దించి విప్పాడు. కొత్త ఊచలు గలగలమని నేల మీద పడ్డాయి. ఊచల ముసలాయన ఒకటి తీసి వంచి వదిలాడు, అది విల్లులా వంగి మళ్ళీ నిటారైంది. ఆయన తల పంకించి, కట్టిన మూటలు ఎవరూ చెప్పకుండానే విప్పడం మొదలుపెట్టాడు.

"ఇవెక్కడివి?" అన్నాడు చిన్నల్లుడు.

ఆ ప్రశ్న ఎప్పుడూ తను అడిగేదే గానీ తనను ఎవరూ అడిగింది కాదు. పెద్దల్లుడి మొహం వెలిగిపోయింది. "బస్‌స్టాపులో ముసలావిడ గొడుగు ఊచ మీద, వంతెన అవతల కొండల్లో ఒక ఊరి పేరుంది. వెళ్ళి చూశాను. ఒకప్పుడు ఆ ఊరంతా ఊచలే చేసేవాళ్ళట. దూరదేశం ఊచలు చవగ్గా దిగాక మానేసి, అదే తీగతో పిట్టల పంజరాలు చేసుకుంటున్నారు. మిషన్లు మాత్రం అమ్మలేదు, గోనెలు కప్పి ఉంచారు."

"ఆ ఊరు మన దేశంలో లేదు కదా."

"ఐదింటిలో ఉందిగా. ఐదింటిలో ఎక్కడ పుట్టినా ఒప్పందం లెక్కలో మనింట్లో పుట్టినట్టే. వాళ్ళ ఊచ, మన గుడ్డ, మన పిడి, నీ కుట్టు. దూరదేశపు ఊచ కంటే కొంచెం ఖరీదెక్కువే. కానీ సుంకం లేదు కాబట్టి దుకాణాలావిడకు చవకే పడుతుంది. నిజంగానే ఇక్కడ పుట్టిన గొడుగు, తమ్ముడూ. ఎవరు తిరగేసుకున్నా ఏమీ కాదు."

చిన్నల్లుడికి వెంటనే మెత్తబడడం ఇష్టం లేకపోయింది. ఇంత పాత అసూయను ఒక్క మూట ఊచలకు వదులుకోవడం అంత తేలిక కాదు. "మరి పైవీధిలో కూర్చుని నవ్వుకోవడం ఎందుకో?" అన్నాడు.

"అయ్యో, అదా. ఒక్క షెడ్డు కోసం మిషన్లు తిప్పం, ఇంకొకరిని తెమ్మన్నారు కొండవాళ్ళు. పైవీధాయన్ని ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. సరే, లేచి వచ్చేస్తూ, మా తమ్ముడు మాత్రం ఇవే వాడబోతున్నాడండీ అన్నాను. గభాల్న వెనక్కి పిలిచి కుర్చీ వేశాడు. నువ్వంటే ఆయనకు ఎంత కుళ్ళో నీకు తెలియదు. నీ కుట్టు ఎలా వేస్తావో కనుక్కోమని నన్నే బతిమాలుతున్నాడు."

తనను చూసి కుళ్ళుకునేవాడు కూడా లోకంలో ఒకడున్నాడన్న సంగతి చిన్నల్లుడికి అంతవరకు తెలియదు. ఆ మాట అతని ఒంటికి చలవ చేసింది. ఛాతీ కొంచెం ముందుకు వచ్చింది. ఇంకొక్కసారి చెప్పించుకోవాలనిపించింది గానీ బాగుండదని ఊరుకున్నాడు.

"అన్నట్టు, పక్కగదిలో ఇచ్చిన కాగితాలు తెచ్చేసుకో" అన్నాడు పెద్దల్లుడు తల తుడుచుకుంటూ. "ఆయన మధ్యాహ్నం దాకా పంపించడు, బద్ధకం. నా గదిలో ఉండిపోయిన క్యారేజీ తీసుకెళ్ళడానికి నిన్న వచ్చినప్పుడు మా ఆవిడ నీ గొంతు వింది. చెక్కగోడలు కదా."

చిన్నల్లుడు వానలోనే పరుగెత్తాడు. గొడుగుల షెడ్డు యజమాని గొడుగు లేకుండా వీధివెంట పరుగెత్తడం ఊరు అదే మొదటిసారి చూసింది.

లారీ వెళ్ళిన రోజున వంతెన అవతల ఒక ఆఫీసరు మూటలోంచి ఒక గొడుగు లాగి, తలకిందులు చేసి, ఊచను కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, తల ఊపి పంపించేశాడు. దుకాణాలావిడ ఇంకా కావాలని కబురు చేసింది. షెడ్డులో మిషన్లు ఆగలేదు.

ఆ సాయంత్రం చిన్నల్లుడు నల్లగొడుగొకటి మంచిది తీసుకుని పెద్దల్లుడి ఇంటికి వెళ్ళాడు. వదినగారు టీలు తెచ్చింది. పెద్దల్లుడు కప్పు అందుకోగానే చిన్నల్లుడు అలవాటుగా కాళ్ళు పైకి ముడుచుకున్నాడు. అది చూసి ఆవిడ నవ్వింది.

"భయపడకండి మరిదిగారూ. మా ఇంట్లో ఒక్క చుక్క ఒలకదు. తాగాకే తిరగేస్తారు."

నిజమే. పెద్దల్లుడు మెల్లగా తాగి, ఖాళీ కప్పు తిరగేసి, తృప్తిగా చదువుకుని పక్కన పెట్టాడు. వంతెన దగ్గర గదిలో కూడా తాగాకే తిరగేశాడని చిన్నల్లుడికి అప్పుడు గుర్తొచ్చింది.

"మరి మావయ్యగారింట్లో?"

"అక్కడ మాత్రం నిండు కప్పులే కావాలి ఈయనకు. మా నాన్న మీ మీద మొదలుపెట్టారంటే చాలు, చొక్కా మీద టీ పడిందన్నమాటే. ఆ మరకలు వదిలించలేక నా చేతులు అరిగిపోతున్నాయి. మా చెల్లి మీకు చెప్పలేదూ?"

"కప్పు అడుగున ఏముందో చూడాలంటే మరి..." అని ఏదో గొణిగి, పెద్దల్లుడు సాసరు కూడా తిరగేసి దానిలో తల దూర్చాడు.

చిన్నల్లుడు ఇంటికి నడుస్తూ ఆ ఆదివారాలన్నీ తలుచుకున్నాడు. ఏ వారం మామగారు ఎక్కడిదాకా వచ్చి ఆగారో, ఆగినచోటల్లా ఏ వస్తువు బోర్లాపడిందో అతనికి బాగా జ్ఞాపకమున్నాయి. పగతో దాచుకున్నవి కనుక ఒక్కటీ చెరిగిపోలేదు.

తరువాతి ఆదివారం మామగారింట్లో లోకం మారిపోయింది. "రండి చిన్నల్లుడుగారూ" అన్నారు మామగారు. ఫ్యాను కింది కుర్చీ చూపించారు. అత్తగారి గరిటె గిన్నె అడుగుదాకా వెళ్ళింది, చిన్నల్లుడు కళ్ళారా చూశాడు. కొత్త ప్యాంటు వేసుకుని వచ్చినందుకు తనను తానే మెచ్చుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. గాలి అతను ఇన్నేళ్ళూ ఊహించుకున్నంత గొప్పగా ఏమీ లేదు. ముక్కాలిపీట మీద పెద్దల్లుడు హాయిగానే కూర్చున్నాడు, కూర్చునే ముందు దాన్నీ తిరగేశాడు.

టీలు వచ్చాయి. మామగారు మీసం తుడుచుకుని ఈసారి అటు తిరిగారు.

"అయితే పెద్దల్లుడుగారూ, ఊచల షావుకారు మీ దగ్గర కాగితాలు మానేశాడట. అంత పెద్ద ఖాతా. ఊళ్ళో ఎవరూ ఆయన ఊచలు కొనకుండా మీరే చేశారటగా. ఎవరైనా తన కంచంలో తనే మన్ను పోసుకుంటారా? నేనైతే..."

చిన్నల్లుడు ఈ మాట వినడం అదే మొదలు. పెద్దల్లుడి వంక చూశాడు. ఆయన చెయ్యి అలవాటుగా కప్పు మీదికి వెళ్ళింది. కప్పు ఖాళీ. తాగేశాడు. తన కోసం ఎప్పుడూ నిండు కప్పు దాచుకున్న మనిషి కాదు. బల్ల మీద పూలకూజా కూడా లేదు, పాతది ఆ రోజు ఆయన బోర్లించినప్పుడే పగిలింది. పెద్దల్లుడు ఖాళీ కప్పు పట్టుకుని నవ్వబోయాడు, నవ్వు సరిగ్గా రాలేదు.

చిన్నల్లుడి చేతిలో కప్పు నిండుగా ఉంది. వేడిగానూ ఉంది. ఒక్కసారి కొత్త ప్యాంటు వంక చూసుకున్నాడు. తరువాత కప్పును అడుగు పైకి వచ్చేలా తిరగేశాడు.

"మావయ్యగారూ, ఈ కప్పు పుట్టిందెక్కడండీ?"

అత్తగారు తువ్వాలు తీసుకుని పరుగెత్తింది. మామగారు తల పట్టుకుని "మీకు కూడా అంటుకుందా ఇది" అన్నారు. వదినగారు పొంగుతున్న నవ్వు ఆపుకుని, "చెల్లీ, ఇక ఆ మరకలు నీవంతు" అంది.

పెద్దల్లుడు మాత్రం ముక్కాలిపీట మీంచి లేచి వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, వంగి, టీ కారుతున్న ఆ కప్పు అడుగున ఒక్కొక్క అక్షరమే చదివాడు.

"మనదే తమ్ముడూ" అన్నాడు.